గోపురం కట్టని ఆట

చీపురుపల్లిలో ఆ సాయంత్రం వాన వెలిసినా, స్టేజీ మీద పరిచిన ఫ్లెక్సీ తడి ఆరలేదు. తప్పెటగుళ్ల బృందాన్ని నడిపే కూర్మయ్య దాని మీద పాదం రాసి చూశాడు. జారుతోంది.

"ఇయ్యాల గోపురం ఒద్దు బాబూ, నేల మీద ఆటే ఆడతాం" అన్నాడు.

ఉత్సవ కమిటీవాళ్లు ఒప్పుకోలేదు. జనం వచ్చిందే మనిషి మీద మనిషి ఎక్కి కట్టే ఆ గోపురం కోసమన్నారు. చివరికి కూర్మయ్య కుర్రాళ్లను గోపురానికి నిలబెట్టాడు.

అందరికన్నా పైన నిలబడేది అతని మేనల్లుడు గోవింద్. గుండెకు కట్టుకున్న తప్పెట వాయించి చేతులు పైకెత్తాడో లేదో, అడుగున ఒకడి కాలు జారింది. గోవింద్ నడుము స్టేజీ అంచుకు తగిలింది. అదీ ఆటే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. అతన్ని ఆటోలోకి ఎక్కిస్తుండగానే వెనక సినిమా పాటల ఆర్కెస్ట్రా మొదలైంది.

గోవింద్ కాళ్లు మళ్లీ కదల్లేదు. మరుసటేడు అదే కమిటీ పిలిచింది.

"ఎల్లు మావా. నా సోట్లో తమ్ముడు ఎక్కుతాడు" అన్నాడు గోవింద్ మంచంలోంచి.

"ఇంకెవుల్నీ ఎక్కించన్రా."

"గోపురం లేకపోతే ఎవులు సూస్తారు?"

అన్నట్టే అయింది. సగం ఆటలోనే జనం లేచిపోయారు. కూర్మయ్య ఖాళీ కుర్చీల ముందు చివరి చరణం దాకా గెంతుతూ వాయించాడు. కిందికి దిగాక కుర్రాళ్లెవరూ తలెత్తలేదు.

"అందరూ మీ కాళ్ల మీదే దిగారు కదరా, పదండి" అన్నాడు.

ఆ తర్వాత వాళ్లకు పిలుపు రాలేదు.