నల్ల చుక్క కింద సున్నా

బల్గేరియాలోని ప్లోవ్‌దివ్, మంగళవారం ఉదయం పదిన్నర. రికార్డింగుకు అరగంట ముందు, గాయనుల బృందం సాధనలో, స్వరలిపి కాగితంలోని నలభై ఒకటో గడి దగ్గర శ్రుతి తెగిపోయింది.

పాటలో రెండే గొంతులు. పై గొంతు తిరుగుతుంటే కింది గొంతు ఒకే స్వరం మీద నిలబడి శ్రుతి పట్టుకుంటుంది. అది తెగితే పాట లేదు.

దర్శకుడు కరాజోవ్ చెయ్యి దించి, కింది గొంతు పాడేవాళ్ళకు పెద్ద అయిన త్సేనా వైపు తిరిగాడు.

“ఏమ్మా, మధ్యలో బోజా తాగొద్దామని వెళ్ళావా? మా నాయనమ్మ గొర్రెపాలు పితుకుతూ కూడా శ్రుతి వదిలేది కాదు.”

“కాగితంలో ఉన్నదే పాడాం, మాస్టారూ.”

మళ్ళీ పాడించాడు. మళ్ళీ అక్కడే తెగింది. త్సేనాను వెళ్ళిపొమ్మన్నాడు. ఆమె లేకుండానే రికార్డు చేస్తామన్నాడు. త్సేనా కోటు అందుకుంది.

వెనక బల్ల దగ్గర జోర్నిత్సా కంప్యూటరులో ఆ గడి తెరిచింది. స్వరలిపి కూర్చింది ఆమే. ఇందులో తప్పు రాకపోతే ఈ పాటల పుస్తకం పని కూడా ఆమెకే ఇస్తామన్నారు.

రెండు గొంతులూ ఒకే ఐదు గీతల మీద ఉన్నాయి. ఆ గడిలో పై గొంతు దిగివచ్చి శ్రుతి స్వరాన్నే తాకుతుంది. దానికి నల్ల చుక్క, అంటే తాళంలో ఒక దెబ్బ. శ్రుతికి బోలు సున్నా, రెండు దెబ్బలు. రెండూ ఒకే చోట పడితే సున్నాను పక్కకు జరపాలి. జరిపితే ఇరుగ్గా ఉందని పోయిన వారం ఆమె రెండింటినీ కలిపెయ్యమని సాఫ్ట్‌వేర్‌లో టిక్కు పెట్టింది. పేజీ శుభ్రంగా వచ్చింది. సున్నా చుక్క కిందికి పోయింది. కింది గొంతులు ఒక దెబ్బకే ఆగాయి.

తెర వైపు ఇంకెవరూ చూడటం లేదు. త్సేనా తలుపు దాకా వెళ్ళింది.

“మాస్టారూ, ఆవిణ్ణి ఆపండి. తప్పు నా కాగితంలో ఉంది.”

కరాజోవ్ వచ్చి తెర మీదికి వంగాడు.

“చూసుకోలేదా?”

“చూశాను. అందంగా ఉందని వదిలేశాను.”

“అందాన్ని ఎవరు పాడతారమ్మా?”

ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయని అడిగాడు. తెలియదంది. టిక్కు తీసేస్తే మరో నాలుగు చోట్ల సున్నాలు బయటపడ్డాయి. ఒకటి పక్క స్వరానికి ఆనుకుంది, దాన్ని చేత్తో జరిపింది. ప్రింటరులో రెండో కాగితమే ఇరుక్కుపోయింది. ఆమె గడి నంబర్లు చదువుతుంటే గాయనులు తమ పాత కాగితాల మీదే పెన్సిలుతో సున్నాలు చుట్టారు. త్సేనా కోటు విప్పి తన చోట నిలబడింది.

పదకొండుకు రికార్డింగు ఎర్రదీపం వెలిగింది. నలభై ఒకటో గడిలో శ్రుతి నిలిచింది.

పుస్తకం మే నెలలో అచ్చయింది. సున్నాలన్నీ పక్కకు జరిగి ఉన్నాయి. కూర్పు అన్నచోట వేరే పేరు ఉంది.