సున్నా టికెట్టు

హిందూపురం నుంచి ధర్మవరం పోయే సాయంత్రపు బస్సులో కండక్టరు చిన్నప్ప నోరు మూతబడిన రోజు లేదు. ముసలమ్మలతో సరసాలు, డ్రైవరుతో పరాచికాలు. నవీన సీటు దగ్గరికొచ్చేసరికి మాత్రం నెల రోజులుగా ఆ నోరు పెగలడం లేదు.

నవీన హిందూపురంలో గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. ఆడవాళ్లకు బస్సు ఉచితమే, సున్నా టికెట్టు కొడతారు. దాని మీద ఎక్కిన చోటూ టైమూ పడతాయి. మొగుడు బాలాజి రోజూ ఊరి క్రాసు స్టాపులో నిలబడి, ఆమె దిగీ దిగగానే చెయ్యి చాపి ఆ టికెట్టు తీసుకుంటాడు. ఆమె ఫోను కూడా అతని జేబులోనే ఉంటుంది.

పోయిన నెల బస్సు పంక్చరై గంట ఆలస్యమైంది.

"ఏం మామా, ఇంత లేటు?" అన్నాడు బాలాజి.

"మీ యామె, నేను బస్సు నిలిపి బజ్జీలు తింటాంటిమిలేబ్బా!"

బస్సంతా నవ్వింది. బాలాజి కూడా నవ్వాడు. వారం తర్వాత నవీన ఎడమచేతికి కట్టుతో ఎక్కింది. "నాతో ఎగతాళాడాకు మామా," అంది. అంతే.

ఈరోజు ఆమె, "ధర్మవరానికియ్యి మామా. అక్క ఇంటికి," అంది. చిన్నప్ప టికెట్టు కొట్టాడు.

క్రాసు వచ్చేసరికి నవీన సీట్ల సందులో కిందికి నక్కింది. పక్కనున్న ముసలామె రత్నమ్మ తన శనక్కాయల సంచి అడ్డం జరిపి, దాని మీద కొంగు పరిచింది.

బాలాజి మెట్టు మీద కాలు పెట్టాడు. "మా యామె యాడ మామా?"

చిన్నప్ప ముప్పై ఏళ్లుగా నోటికొచ్చిన కోతలు కోసినవాడే. ఈ ఒక్కటీ నవ్వుతూ కోయడం కష్టమైంది.

"ఓవర్‌టైమంటబ్బా. ఎనక బస్సుకొస్తాది. అంతలోపల నన్ను పిల్చకపో ఇంటికి, సంగటి బాగా కెలుకుతా!"

బాలాజి లోపలికి తొంగిచూశాడు. నవ్వలేదు. దిగాడు. చిన్నప్ప విజిల్ ఊదాడు.

పెనుకొండ దాటాకగానీ ఆమె పైకి లేవలేదు.

"అక్క ఇల్లు ఆయప్పకు తెలీదా?" అడిగాడు చిన్నప్ప.

"తెలుసు మామా. తెల్లారినాక వస్తాడు."

"మరి?"

"ఫ్యాక్టరీలో తోటామె ఫోన్నుంచి మాట్లాడినా. పొద్దున్నే పోలీస్ స్టేషనుకు తోడొస్తామన్యారు అక్కా బావా. అంతవరకు రోంత సేపు నిద్రపోతా."

ధర్మవరంలో దిగబోతూ మెట్టు దగ్గర ఆగింది. అలవాటు కొద్దీ టికెట్టు చిన్నప్ప ముందుకు చాపింది.

"నాకెందుకుమ్మా," అన్నాడతను.

ఆమె దాన్ని కాసేపు చూసింది. ఏం చేయాలో తోచక, మళ్లీ పిడికిట్లోనే పెట్టుకుని దిగిపోయింది.