ముందుగా కూర్చునే నీడ

దేముడమ్మ కంటే ముందు ఆమె నీడ అలిసిపోయేది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. పొద్దున్నే చేపలగంప నెత్తినెత్తుకుని బస్సు రోడ్డుకి ఇసకదిబ్బ ఎక్కుతూంటే, ఆమె నిలబడే ఉండేది, ముందు పడ్డ నీడ మాత్రం గొంతుక్కూర్చునేది. తోటివాళ్ళు దాన్ని తొక్కకుండా పక్కకి తప్పుకునేవారు.

"నీ నీడ కూకున్నాదే, గంప దింపు," అనేది బుల్లమ్మ. ఇద్దరూ శ్రీకాకుళం బజారులో పక్కపక్కనే అమ్ముతారు.

"దానికేటి, కూకుంటాది. నాను కూకుంటే నెత్తళ్ళ సేపలు కుళ్ళిపోవా?"

ఒకరోజు దేముడమ్మ దిబ్బ మీదే కళ్ళు తిరిగి పడిపోయింది. టౌను డాక్టరు గుండెలో చప్పుడు విని, గుండె బలానికని మాత్రలిచ్చాడు. అవి వేసుకున్నాక నీడ కూర్చోవడం మానేసి ఏకంగా పడుకుంది.

"ఇదేటి మందే, నీడని పడుకోబెట్టీసింది!" అని మొగుడు సూరయ్య ఆమెని విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడి డాక్టరు ఆమెని నిలబెట్టి విన్నాడు. కిటికీ వెలుగులో నేలమీద నీడ బద్ధకంగా లేచి గొంతుక్కూర్చుంది.

"నువ్వూ అలా కూర్చో," అని మళ్ళీ విన్నాడు. చప్పుడు తగ్గింది.

"ఆ మాత్రలు మానెయ్. నీ గుండె కండ మందమైపోయింది, రక్తం బయటికెళ్ళే దారి ఇరుకైంది. బలమిచ్చేకొద్దీ ఇంకా బిగుస్తుంది. గుండెని నెమ్మదిగా కొట్టించే మాత్రలు కొత్తగా వచ్చాయి, అవి వాడదాం. కండ కోసే ఆపరేషనూ ఉంది, కానీ దూరం, ప్రాణగండం. ఏది చేసినా బరువులు మాత్రం మొయ్యకూడదు. మీవాళ్ళలో హఠాత్తుగా ఎవరైనా పోయారా?"

"మా తమ్ముడు సోములు. వల లాగతా లాగతా పడిపోనాడు."

"అయితే పిల్లల్నీ ఓసారి తీసుకురా."

"ఒక్కత్తే పిల్ల బాబూ. లేడిపిల్లలాగ గెంతుతాది. మరి గంపెవులు మోస్తారు?"

డాక్టరు మాత్రలు రాసిచ్చాడు.

తిరుగు బస్సులో మొగుడూ పెళ్ళాం గంప సంగతే ఆలోచించారు. మగాళ్ళది సముద్రం, ఆడాళ్ళది గంప. కూతురు నీలవేణికి పద్నాలుగేళ్ళు. దేముడమ్మ ఆ వయసుకే గంపెత్తింది.

మర్నాడు ఆమె కూతురి నెత్తిన చుట్టకుదురు సర్ది, గంప ఎత్తించి, వట్టి చేతులతో వెనకాల నడిచింది. దిబ్బ సగం ఎక్కేసరికి అలవాటుగా తన నీడ కూర్చుంది. దాని పక్కన ఇంకొకటి కూర్చుంది.

"అమా, నా నీడకేటయినాది?" అని నవ్వింది నీలవేణి.

ఏడవడానికి కూడా దేముడమ్మకి ఓపిక లేదు. గంప దింపించింది. "కూకో," అంది. ఇద్దరూ ఇసకలో గొంతుక్కూర్చున్నారు. బుల్లమ్మ చూసి ఆగిపోయింది.

ఒడ్డున వల దులుపుతున్న సూరయ్య దిబ్బ వైపు చూసి, వల వదిలేసి వచ్చాడు. రెండు నీడల్నీ చూశాడు.

"రేపు దీన్నీ డాక్టరుకాడికి తీసుకెల్దాం," అన్నాడు. వంగి, గంప నెత్తినెత్తుకున్నాడు. చుట్టకుదురు పెట్టుకోవడం మరిచాడు.

"ఏటి సూరయ్య బావా, సేపలు నువ్వమ్ముతావా? బేరం సెప్పడం వచ్చునేటి?" అంది బుల్లమ్మ.

"నేర్పు," అన్నాడు.

చేపనీళ్ళు మెడమీదికి కారుతూంటే బస్సు రోడ్డుకేసి నడిచాడు. అతని ముందు అతని నీడ, నెత్తిన గంపతో, నిలబడే వెళ్ళింది.