మొదటి మూల

సోడా నీళ్లలో నానిన చీరలను జములమ్మ ఒక్కొక్కటే తొట్టిలోంచి లాగి బండ మీద వేసి రుద్దుతోంది. విప్పి చూడకుండానే ఏ చీర ఎక్కడిదో ఆమెకు తెలిసిపోతుంది. కాలనీ చీరలను ఎంత నానబెట్టినా అంచుల్లో చేపల నీచు మిగిలే ఉంటుంది. ఊరి చీరల కుచ్చిళ్లలో పల్లి చేల ఎర్రమట్టి ఇరుక్కుని ఉంటుంది. రెండూ ఆ తొట్టిలోనే మురికి వదిలి, ఒకే తీగ మీద ఆరాక గాని షెడ్డుకు పోవు.

"పది గంటలకల్ల షెడ్డు కాడుండు," అన్నాడు భాస్కర్, గోడ అద్దంలో చూస్తూ తల దువ్వుకుని. "మంచి చీర కట్టు. ఆ చేతులకు జర నూనె పూసుకో, సున్నం కొట్టినట్టున్నయి. మేడం ఫొటోలు తీస్తది."

"ఇంకా సగం గాలె."

"వచ్చినంక చూసుకో. తొట్టిల నానని, యాడికి పోతయి?" దువ్వెన జేబులో పెట్టుకుని ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఈ ఒక్కసారి గట్టెక్కనీ జములా. మేడంకు నచ్చితే ఇంకో మూడేండ్లు పని నడుస్తది. అప్పుడు ఉతుకుడుకు కూలి మనిషిని పెడత. నువ్వు షెడ్డుల కూసొని కుట్టు. నీ అసొంటి చెయ్యి ఎవలికుంది?"

ఆ మాట అతను అనడం కొత్త కాదు. ఆమె నమ్మడమూ కొత్త కాదు. ప్రాజెక్టు నీళ్లు వచ్చి జములమ్మ పుట్టిన ఊరు మునిగినప్పుడు, ఆ జనానికి ఆత్మకూరు దిక్కున ఈ ఊరి బంచరాయి భూమిలో కాలనీ కట్టించారు. గొడ్లు మేసే నేల పోయిందని ఊరివాళ్లకు మంట. ఉన్న ఊరే పోయిందని కాలనీ వాళ్లకు మంట. బోరింగు కాడ బిందెలు పగిలాయి, ఒక ఎండాకాలం తలలూ పగిలాయి. అప్పుడు ఒక సంస్థ వచ్చి రెండు ఊళ్ల నడుమ షెడ్డు వేసింది. ఆడవాళ్లు పాత చీరలతో బొంతలు కుట్టాలి. ప్రతి బొంతలోనూ రెండు ఊళ్ల చీరలూ ఉండాలి. అవి పట్నంలో అమ్ముతారు. ఆ పని చూసుకునేది భాస్కరే. ఊళ్లో కాలనీ పిల్లను చేసుకున్న మొదటివాడు గనుక అతని మాట రెండు దిక్కులా చెల్లుతుందని సంస్థవాళ్లు అనుకున్నారు. కానీ మొదటి నెలలోనే పని ఆగింది. ఎవరో కట్టి విడిచిన చీర మేం ముట్టమని ఊరి ఆడవాళ్లు, మా చీరలు ఆళ్ల చేతికిస్తే ఏం మందు పెడతరో అని కాలనీ ఆడవాళ్లు. భాస్కర్ ఒక రాత్రంతా ఆలోచించి ఉపాయం కనిపెట్టాడు. "నువ్వు ఉతుకుతే కాలనోళ్లకు నమ్మకం, ఆళ్ల బిడ్డవు. మనింట్ల ఉతికినయంటే ఊరోళ్లకు నమ్మకం, ఈ ఇంటి కోడలివి. ఇద్దరికీ నువ్వే గావాలె," అన్నాడు. నువ్వే గావాలె అనే ఆ మాటకు ఆమె ఆ రోజంతా నేల మీద నడవలేదు. కాళ్లు నేలకు ఆనేసరికి మూడేళ్లు గడిచాయి. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా పొక్కి ఊడుతోంది. పొద్దుగూకులూ అత్త హన్మమ్మ గడప మీద కూర్చుని, "మునిగిన ఊరి పిల్లకు నీళ్ల కరువు ఏం తెలుస్తది?" అని దారిన పోయేవాళ్లకు వినబడేటట్టు అంటూనే ఉంది. కుట్టడం తల్లి దగ్గర నేర్చుకున్న జములమ్మ ఆ షెడ్డులో సూది పట్టింది లేదు. ఉతికిన మూట తలుపు దగ్గర దించి వచ్చేయడమే.

చేతులకు నూనె పూసుకుని ఆమె వెళ్లేసరికి షెడ్డులో అందరూ కూర్చుని ఉన్నారు. ఆ కూర్చున్న తీరే కొత్త. మామూలుగా ఊరివాళ్లు ఫ్యాను కింద, కాలనీ వాళ్లు తలుపు దగ్గర. ఆ పొద్దు భాస్కర్ పల్లి చేనులో కంది సాళ్లు వేసినట్టు ఇటొకరినీ అటొకరినీ కలిపి కూర్చోబెట్టాడు. చాప మీద చోటు లేక జములమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

హైదరాబాదు నుంచి వచ్చిన మేడం పేరు తేజస్విని. కుర్చీ వేస్తే వద్దని వాళ్లతోపాటే కింద కూర్చుంది. ఊరు మునిగి వచ్చిన ఆడవాళ్లకూ, చోటిచ్చిన ఊరి ఆడవాళ్లకూ ఈ పని వల్ల బతుకు ఏమైనా మెరుగైందా, నడుమ మంట చల్లారిందా, అది చూసి పోవడానికి వచ్చానని చెప్పింది. చెప్పే తీరులో పెద్దరికం లేదు.

"ఒకరింటికి ఒకరు వెళ్తారా? ఉప్పో కారమో అయిపోతే అడిగి తెచ్చుకుంటారా?"

"ఉప్పేంది మేడం!" ఊరి శాంతమ్మ చెయ్యి ఊపింది. "మా ఎంకమ్మ చేపల పులుసు లేకుంటె నాకు ముద్ద దిగదు."

పక్కనున్న ఎంకమ్మ పళ్ల మధ్య దారం తీయకుండానే, "ఎప్పుడు తిన్నవే శాంతమ్మా? కల వడ్డదా?" అంది. అందరూ గొల్లున నవ్వారు. తేజస్విని కూడా నవ్వింది. అది చనువనుకుంది. ఎంకమ్మ జములమ్మకు స్వయానా చిన్నమ్మ. ఆమె వెక్కిరింపేదో, చనువేదో జములమ్మకు తెలుసు.

"ఇన్ని పాత చీరలు ఎవరు ఉతుకుతారండీ?"

నవ్వు ఆగింది. కొందరు గోడ వైపు చూశారు. జములమ్మ నూనె పూసిన చేతులను కొంగులోంచి బయటికి తీయబోయింది.

"అది ఇంటికాడ్నే అయిపోతది మేడం," అన్నాడు భాస్కర్.

తేజస్విని సరేనని తలూపి ఇంకో ప్రశ్నకు పోయింది. అయిపోతది. తెల్లారినట్టు, మబ్బు పట్టినట్టు, ఎవరూ చేయకుండానే. జములమ్మ చేతులు మళ్లీ కొంగులోకి పోయాయి.

"ఇప్పుడు మీ ముందట కొత్త బొంత మొదలువెడతరు," అని భాస్కర్ లేచి నిలబడ్డాడు. "కాలనోళ్లకు ఒక ఆచారం ఉంది మేడం. బొంతకు గూడ ఆకలైతదని జొన్నరొట్టె ముక్క లోపల పెట్టి కుడతరు. ఇయ్యాల ఆ ముక్క మా ఊరోళ్లు పెడుతుండ్రు. గిదే మేం చేసిన మార్పు."

శాంతమ్మ మూతడబ్బాలోంచి రొట్టె ముక్క తీసింది. పరిచిన చీరల మొదటి మూల ఎత్తి, అందులో పెట్టి, మడిచి, మొదటి కుట్టు వేసింది. తేజస్విని కెమెరా వెలిగింది. శాంతమ్మ మొహంలో కల్లాకపటం లేదు, చెప్పింది చెప్పినట్టు చేసింది.

కాలనీ వాళ్ల సూదులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

బొంతకు రొట్టె పెట్టడం నిజమే. అయితే అది చివరి మూలలో. అంతా కుట్టడం అయ్యాక, ఆఖరి మూల మూసేముందు పెడతారు. మొదటి మూలలో రొట్టె పెట్టేది ఒక్క బొంతకే. చచ్చిపోయిన మనిషితో పంపే బొంతకు. అది దారి బత్తెం. ఆ మాట కాలనీ వాళ్లు బయటివాళ్ల ముందు ఎత్తరు. జములమ్మ ఎత్తింది, ఒకే ఒక్కసారి. పెళ్లయిన ఏడు, ముసురు పట్టి పనులు లేని రోజు, భాస్కర్ ఒళ్లో తల పెట్టుకుని చెప్పింది. ఊరు మునిగిన ఏడే, ఇళ్లు ఇంకా లేవక ముందే, రేకుల డేరాలో నాయన పోయాడు. చేను నీళ్లలో కలిసిన దగ్గర్నుంచి ఆయన తిండి మీద మనసు పెట్టలేదు. అమ్మ తన రెండు చీరల్లో ఒకటి పరిచి మొదటి మూలలో రొట్టె పెడుతూ, "బతికున్నప్పుడు తినకపోతివి, దారిలనన్న తిను," అని ఏడ్చింది. ఆ ఏడుపు చెప్తూ జములమ్మ కూడా ఏడ్చింది. భాస్కర్ ఆమె తల నిమురుతూ "ఊ" అన్నాడు. అంతే. ఆ ఒక్క "ఊ" ను ఆమె ఇన్నేళ్లూ ముడుపు కట్టినట్టు దాచుకుంది. అత్త తిట్టిన రోజు, తొట్టి ముందు నడుము పట్టేసిన రోజు, ఆ ముడి విప్పి చూసుకుని, నా మాట విన్న మనిషి ఒకడున్నాడు అనుకుని మళ్లీ కట్టేసేది. తను చెప్పిన వాటిల్లో అతని చెవిన పడింది అదొక్కటేనని, అదీ సగమేనని, ఆ సగం ఇట్లా పనికొచ్చిందని ఇప్పుడు తెలిసింది.

ఎంకమ్మ లేచింది. "ఎవల సావుకు కుడుతుండ్రు అల్లుడా?"

"అట్ల గాదు చిన్నత్తా, జర కూసో."

ఆమె కూర్చోలేదు. మిగతా కాలనీ వాళ్లూ సూదులు కొంగుకు గుచ్చుకుని లేచారు. ఎంకమ్మ గోడ దగ్గర ఒక్క క్షణం ఆగింది. "నువ్వే చెప్పినవా బిడ్డా?" అని మెల్లగా అడిగింది. కోపంగా అడిగినా బాగుండేది. జములమ్మ లేదనలేకపోయింది. చెప్పింది తనే మరి. ఎంకమ్మ ఆమె మొహం చూసి, ఇంకేం అడగకుండా గడప దాటింది.

"ఏమైంది? ఎందుకు వెళ్తున్నారు?" అంది తేజస్విని.

"కాలనీల నీళ్లొచ్చే టైం మేడం. మళ్ల వస్తరు," అన్నాడు భాస్కర్.

మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లోనే. జొన్నరొట్టెలు, కోడికూర, పల్లి చట్నీ. హన్మమ్మ మేడం పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతూ, "కోడలు గాదమ్మా, నా బిడ్డ. అది లేకుంటె ఈ ఇంట్ల దీపం వెలగదు," అంది. జములమ్మ వేడి రొట్టె తెచ్చి వేసి మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది. ఒక మూల మాత్రం కుట్టిన ఆ బొంత మంచం మీద, మేడం సంచి కింద ఉంది. మా కళ్ల ముందు మొదలైంది గదా, ఇట్లాగే ఆఫీసులో గోడకు వేలాడదీస్తామని అడిగి తెచ్చుకుంది. నాయన దారి బత్తెం ఏ గోడకో వేలాడబోతోంది.

"జములమ్మగారూ, మీరు రెండు వైపులా మనిషి," తేజస్విని లోపలికి చూసి పిలిచింది. "మీరే చెప్పాలి. నిజంగానే కలిసిపోయారంటారా?"

"కలవకుంటె మేమిద్దరం ఎట్లుంటం మేడం?" భాస్కర్ నవ్వాడు. "ఆమెకు మాటలు రావు గని, మనసుల అంతా అదే."

తేజస్విని ఆమె వైపే చూస్తూ ఇంకాసేపు ఆగింది. జములమ్మ పెనం మీద రొట్టె తిప్పింది. చెప్తే ఏమవుతుంది? షెడ్డు మూతపడితే చిన్నమ్మ మళ్లీ పొద్దుగాలే చేపల గంప ఎత్తుకోవాలి. చెప్పకపోతే షెడ్డు నడుస్తుంది, ఈ తొట్టీ నడుస్తుంది, తన నోట్లోంచి పోయిన ఇంకేదో మాట మరో ఏడు ఇంకో మేడం ముందు పరిచి కుడతారు.

చెయ్యి కడుక్కునే వంకతో భాస్కర్ లోపలికొచ్చాడు. మొహం మీద నవ్వు గుమ్మం బయటే వదిలేసి వచ్చాడు.

"జల్ది కాలనీకి పో. ఆళ్లను తోల్కరా. మేడం నాలుగింటికి మళ్ల కూసుంటదట. మావోళ్లు తెల్వక చేసిండ్రు, చచ్చినోళ్లది గాదు ఏం గాదు అని జర నవ్వుకుంట చెప్పు. నువ్వు చెప్తే ఇంటరు."

జములమ్మ పెనం దించింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతన్ని ఎదురు ప్రశ్న అడగడం అదే మొదలు.

"నాయన సంగతి ఆళ్లకెందుకు చెప్పినవు?"

భాస్కర్ కనుబొమలు ముడిపడ్డాయి. దాచుకున్నవాడి మొహం కాదది. దొరికిపోయినవాడి మొహం కూడా కాదు. గుర్తు తెచ్చుకోవాలని నిజంగానే చూసి, దొరక్క విసుక్కున్నాడు.

"ఏ నాయన?"

జములమ్మ అతని మొహం వైపు చూసింది. ఇంక అడగాల్సిందేమీ కనిపించలేదు. పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్లు చల్లింది. పెరట్లోకి నడిచింది.

తొట్టి దగ్గర కూర్చుని చీరలు ఒక్కొక్కటే పైకి లాగింది. చేపల నీచు తగిలినదాన్ని పిండి గంపలో వేసింది. ఎర్రమట్టి తగిలినదాన్ని తిరిగి నీళ్లలోకే వదిలింది. మూడేళ్లు కలిపిన చేతులకు విడదీయడం ఏమంత సేపు పట్టలేదు. గంప చంకనెత్తుకుని ఇంట్లోకి వచ్చింది. మంచం దగ్గర ఆగింది. తేజస్విని తలెత్తి ఆమె చేతులను చూసింది, నూనె పోయి మళ్లీ తెల్లగా తేలిన వేళ్లను. తనే సంచి ఎత్తి పట్టుకుంది. జములమ్మ ఆ బొంతను తీసి, మొదటి మూల లోపలికి వచ్చేటట్టు మడిచి, తడి చీరల మీద పెట్టుకుంది.

"చూసిండ్రా మేడం," అన్నాడు భాస్కర్ తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ, "ఆళ్లను తోల్కరానికే పోతుంది. ఆమె పోయి చెప్తే కాదనేటోళ్లు లేరు."

పెరట్లోంచి హన్మమ్మ కేక వినబడింది. "ఓ జములమ్మా! సగం చీరలు తొట్టిలనే ఇడిసిపెడితివేందే? ఇవన్నీ ఎవలు పిండాలె?"

భాస్కర్ తువ్వాలు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. గంప వైపు చూశాడు, పెరటి వైపు చూశాడు. జములమ్మ గంపను చంకనుంచి తల మీదికి మార్చుకుంది. కారిన నీళ్లు గడప మీద, వాకిట్లో, కాలనీ బాట మట్టిలో చుక్కలు చుక్కలుగా పడుతూ ఆమె వెంటే పోయాయి.