వెనుక గదికి రోజుకు నూటయాభై

నా గొంతు కోసినవాడు రబ్బరు సారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది కానీ జీతాల రిజిస్టరులో తప్ప దాన్ని ఎవరూ వాడరు. కౌన్సిల్ ఆఫీసులో ఫీజుల గుమాస్తా. ఏ కాగితమైనా ముందు పెన్సిలుతో రాసుకుంటాడు. పైవాళ్ళ మొహాలు చూసుకుంటాడు. గాలి ఎటు వీస్తోందో తేలాక రబ్బరుతో చెరిపి పెన్నుతో రాస్తాడు. ఆయన బల్ల మీద ఎప్పుడు చూసినా నల్లటి రబ్బరు పొట్టు ఉంటుంది. అది ఊడ్చేటప్పుడల్లా స్వీపరమ్మ, సారు ఈవేళ ఎంతమందిని తుడిచేశారో అనేది. మేమంతా నవ్వేవాళ్ళం. అందరికంటే గట్టిగా నేనే నవ్వేవాణ్ణి.

నేను టౌన్ హాలు వాచ్‌మన్‌ని. ఇరవై రెండేళ్ళు చేశాను. ఆరో తరగతిలో బడి మానేసినవాడికి అంతకన్నా ఏం దొరుకుతుందని మా బావమరిది అంటుంటాడు. అతను ఎనిమిది దాకా చదివి నీళ్ళ పంపులు బాగుచేస్తాడు. వాచ్‌మన్ అంటే గేటు దగ్గర స్టూలు వేసుకు కూర్చోవడమని జనం అనుకుంటారు. మూడు వందల ఇనప కుర్చీలు వేయాలి, తీయాలి, ఎన్ని కాళ్ళు విరిగాయో చూసుకోవాలి. నీళ్ళ మోటారు నేనే వేయాలి. ఫ్యూజు పోతే నేనే ఎక్కాలి. మైకు కీచుమంటే తిట్లు నాకే. మీటింగులో ఎవరికైనా వాంతి అయితే బకెట్టు పట్టుకుని పరిగెత్తేదీ నేనే.

స్టేజీ వెనుక ఒక గది ఉంది. పది అడుగులు, పదకొండు అడుగులు. హాలు వదిలి పోకూడదు, ఆ గదిలోనే కాపురం ఉండాలి అని నన్ను చేర్చుకున్న రోజునే అప్పటి చైర్మన్ చెప్పాడు. నోటిమాటే, కాగితం లేదు. అర్ధరాత్రి పైపు పగిలినా, కుక్కలు లోపల దూరినా లేచి చూడటానికి మనిషి కావాలి కనక ఇచ్చిన గది అది. ఎవరూ జాలిపడి ఇవ్వలేదు. నా సంసారం అంతా అందులోనే. మంచం, స్టవ్వు, మా ఆవిడ కుట్టుమిషను.

నేను చేరిన పద్దెనిమిదేళ్ళకు వానల్లో దాని కప్పు కారడం మొదలుపెట్టింది. ముందు ఒక చోట, పది రోజులకు మూడు చోట్ల. మా ఆవిడ మిషను పక్కన గొడుగు కట్టుకుని కుట్టేది. నవ్వుకోవడానికి చెప్పడం లేదు. నలభై స్కూలు చొక్కాల మీద తుప్పునీళ్ళు పడి మరకలైతే ఆ గుడ్డ ఖరీదు మేమే కట్టుకున్నాం. మూడు అర్జీలు పెట్టాను. చివరికి ఇంజనీరు సెక్షనులో ఒకాయన విసుక్కుంటూ కౌన్సిల్ సౌకర్యాల లిస్టు తీసి నా ముందు పెట్టాడు. హాలు, పక్క గదులు రెండు, వంటగది, ఈత కొలను, ఆటస్థలం ఉన్నాయి. నా గది లేదు. లిస్టులో లేని గదికి సిమెంటు ఇవ్వరట. మరి ఇన్నేళ్ళూ నేను ఎక్కడ పడుకుంటున్నట్టు సార్ అని అడిగితే, అది తమ సెక్షను చూసే సంగతి కాదన్నాడు.

లిస్టు రబ్బరు సారు దగ్గర ఉండేది. వెళ్ళి నా గోడు చెప్పుకున్నాను. ఆయన అప్పుడు బాగానే మాట్లాడాడు. నిజం చెప్పాలంటే ఎప్పుడూ బాగానే మాట్లాడతాడు.

"లిస్టులో పెన్సిలుతో ఎక్కిస్తానయ్యా. కప్పు పనైపోగానే చెరిపేస్తాను. అందులో ఉండిపోయిందనుకో, రేపు ఎవడో దానికీ ఫీజు కట్టమంటాడు. నీకూ తలనొప్పి, నాకూ తలనొప్పి."

ఆ మాట ఆయన నోటితోనే అన్నాడు. ఎవరూ ఆయన చేత అనిపించలేదు.

గది కొలవడానికి ఆయనే వచ్చాడు. టేపు రెండో కొస నేనే పట్టుకున్నాను. అరుగు కూడా కలపమంటావా, సిమెంటు రెండు బస్తాలు ఎక్కువొస్తుంది అంటే కలపండి సార్ అన్నాను. మా ఆవిడ మిషను మీద నుంచి లేవకుండానే, పనిలో పనిగా ఒక ప్లగ్గు, కిటికీకి గడియ కూడా రాయమంది. అన్నీ రాశాడు. అర్జీ ఆయనే రాస్తే కింద నేను సంతకం పెట్టాను. కప్పు బాగైంది. ప్లగ్గు వచ్చింది. గడియ మాత్రం రాలేదు.

చెరిపేశారా సార్ అని మూడుసార్లు అడిగాను. ఒకసారి, సీట్లో కూర్చోగానే చెరిపేస్తానన్నాడు. ఒకసారి ఆ ఫైలు చైర్మన్ టేబులు మీద ఉందన్నాడు. మూడోసారి, నన్ను నమ్మవా అన్నాడు. నమ్ముతాననక ఏం అంటాను? ఆ తరవాత ఆయన్ను ఏడాదిపాటు జనన మరణాల సెక్షనుకు వేశారు. ఆ ఏడాదిలోనే ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. కొత్తగా చేరిన అమ్మాయి పాత రిజిస్టర్లన్నీ ముందేసుకుని టైపు కొట్టింది. ఆ అమ్మాయిని నేనేమీ అనను. పెన్సిలు గీతైనా పెన్ను గీతైనా ఆమెకు అక్షరమే. లిస్టు అచ్చయింది. చైర్మన్ సంతకం చేశాడు. నా గది ఏడో నంబరు సౌకర్యం అయి కూర్చుంది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక పాలడిపో మెంబరు సంగతి. పాలడిపో నడుపుతాడు కనక ఆ పేరు. మా కౌన్సిలులో ఆయన ఒక్కడే మీటింగుకు ముందు వచ్చి స్టేజీ అంచున కూర్చుని నాతో మాట్లాడేవాడు. చెడ్డవాడు కాదు. ఒకరోజు, ఉద్యోగులు వైద్య ఖర్చులు అడుగుతున్నారు, సర్వీసు అయిపోయినవాళ్ళకు ముట్టజెప్పాల్సినవి ఉన్నాయి, ఖజానా చూస్తే ఖాళీ, ఈ హాలులో డబ్బు కట్టకుండా వాడుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఉన్నారన్నాను. ఎడమ పక్క గదికి వర్తకుల సంఘం వాళ్ళు ఆరేళ్ళుగా సొంత తాళం వేసుకున్నారు. పొద్దస్తమానం పేకాట. ఫ్యాను, లైటు కౌన్సిలువి. ఒక్క రసీదు లేదు. అదంతా ఆయన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ నెల మీటింగులో తీర్మానం పెట్టాడు. సౌకర్యాల ఫీజులు పెంచాలి, వచ్చిన డబ్బు ఉద్యోగుల కోసం ఖర్చుపెట్టాలి. లిస్టులో ఉన్న ఏ గదినైనా రసీదు లేకుండా వాడుకున్నవారి దగ్గర, ఆ గది లిస్టుకెక్కిన తేదీ నుంచీ కొత్త రేటున వసూలు చేయాలి. గదికి రోజుకు నూటయాభై. అందరూ చప్పట్లు కొట్టారు. స్విచ్చి బోర్డు పక్కన నిలబడి నేనూ కొట్టాను, అరచేతులు మండేలా. వర్తకులకు బాగా అయిందనుకున్నాను.

వర్తకులకు ఏమీ కాలేదు. వారం తిరగకుండా ఆ గది తలుపు మీద పఠన మందిరం అని బోర్డు పెట్టారు. బల్ల మీద నాలుగు పాత వారపత్రికలు పడేశారు. చైర్మన్ వచ్చి ప్రారంభించాడు. ఆయన కత్తిరించిన రిబ్బను నేను కట్టిందే. ప్రజాసేవ కింద వాళ్ళకు పాతదీ కొత్తదీ అంతా మాఫీ.

ఆరు నెలలకు హాలును కాంట్రాక్టరుకు ఇచ్చేశారు. ఆ నెలాఖరుతో నా పోస్టు తీసేశారు. ఏడుస్తూ కూర్చునే రకాన్ని కాదు నేను. సర్వీసు డబ్బు రెండు లక్షల అరవై నాలుగు వేల ఐదు వందలు వస్తుందని రాతపూర్వకంగా ఇచ్చారు. బావమరిది బస్టాండు రోడ్డులో ఒక షాపు గది చూశాడు. యజమాని రెండు లక్షలు డిపాజిట్టు అడిగాడు, నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. మా ఆవిడను తీసుకెళ్ళి చూపించాను. మెడలో వేసుకునే కొలత టేపుతోనే ఆ గదిని కొలుచుకుంది. మిషను ఇక్కడ, రెండో మిషను అక్కడ, కత్తిరించే బల్ల గోడవారగా. వాకిట్లో ఎండలో నిలబడి, "ఏవండీ, ఇక్కడైతే లైటు లేకుండా సూదిలో దారం ఎక్కించొచ్చు," అంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ నన్ను ఏదన్నా కావాలని అడిగిందంటే అదే.

పన్నెండో తారీఖున కాగితం వచ్చింది. నేను కూడబలుక్కుని చదివేలోపు ఆవిడే లాక్కుని చదివింది. చదివి, నా వైపు చూడకుండా మడతపెట్టి స్టవ్వు పక్కన పెట్టింది. ఏడో నంబరు సౌకర్యం, వెనుక గది. వాడుకున్న రోజులు పద్నాలుగు వందల అరవై ఒకటి. రసీదులు లేవు. కాబట్టి సర్వీసు డబ్బులోంచి మినహాయింపు.

రబ్బరు సారు అప్పటికి హెడ్ గుమాస్తాగా తిరిగి ఫీజుల సెక్షనుకే వచ్చి ఉన్నాడు. కాగితం ఆయన బల్ల మీద పెట్టాను. తనొక్కడి చేతిలో లేదనీ, అంతా కంప్యూటర్లోకి పోయిందనీ అన్నాడు. కౌన్సిల్ మీటింగులో అర్జీ పెట్టుకో, నన్ను పిలిచి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతానన్నాడు. బయటకొస్తుంటే నా భుజం కూడా తట్టాడు. నేను ఇంటికెళ్ళి, మరేం భయం లేదు, సారు చెబుతానన్నాడు అని మా ఆవిడకు చెప్పాను.

ఆ మీటింగుకు కుర్చీలు నేనే వేశాను. నా ఆఖరి వారం అది. అర్జీదారులకు ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. నా పేరు పిలిచాక మైకు ముందుకు వెళ్ళాను. అన్నేళ్ళుగా సరిచేసిన మైకే, దాని ముందు మాత్రం ఎప్పుడూ మాట్లాడలేదు. కప్పు కారడం, పెన్సిలు, చెరిపేస్తానన్న మాట అన్నీ చెప్పాను. అక్కడ ఉండటం నా డ్యూటీ అని చెప్పాను. దానికి ఆర్డరు కాగితం ఉందా అని చైర్మన్ అడిగాడు. లేదన్నాను. అర్జీ మీద సంతకం నీదేనా అన్నాడు. నాదే. కౌన్సిల్ సిమెంటుతో కప్పు వేయించుకున్నావా? వేయించుకున్నాను.

అప్పుడు రబ్బరు సారును పిలిచాడు.

"లిస్టులో ఆ గదిని మీరు పెన్సిలుతో రాశారా?"

ఆయన లేచి చొక్కా సర్దుకున్నాడు. నా వైపు చూడలేదు. "నేను ఆఫీసు రికార్డుల్లో పెన్సిలు వాడనండి," అన్నాడు.

ఆ హాలులో ఆఫీసువాళ్ళే ముప్పైమంది ఉన్నారు. ఆయన్ను రబ్బరు అని పిలిచేది వాళ్ళే. ఒక్కడు తలెత్తలేదు. ఒక్కడు దగ్గలేదు. స్వీపరమ్మ గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడి నేలకేసి చూస్తోంది. రిజిస్టరు తెప్పించండి, పెన్సిలు రాత, చెరిపిన మచ్చలు చూడండి అని నేను అరిచాను. పాత రిజిస్టర్లు చెదలు పట్టాయని తగలబెట్టేశారట. నా మూడు నిమిషాలు అయిపోయాయని గంట కొట్టారు.

పాలడిపో మెంబరు మొహం నల్లబడింది. లేచి, ఇది ఇతని కోసం పెట్టిన తీర్మానం కాదని చెప్పబోయాడు. తీర్మానంలో వాచ్‌మన్ తప్ప అని ఎక్కడైనా రాశారా అని చైర్మన్ అడిగాడు. మెంబరు కాగితాలు తిరగేసి, ఉద్యోగుల కొత్త సౌకర్యాల కింద ప్రతి ఉద్యోగి సర్వీసు మొత్తంలో ఒక రోజు కౌన్సిల్ గదిని ఉచితంగా వాడుకోవచ్చు, కనీసం అదైనా ఇతనికి ఇద్దామన్నాడు. సరే అన్నారు. చేతులెత్తి ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. ఒక రోజు కొట్టేశారు. మిగిలినవి పద్నాలుగు వందల అరవై రోజులు.

మీటింగు అయ్యాక నేను కుర్చీలు ముట్టుకోలేదు. వెనక పంపు దగ్గర మొహం కడుక్కుంటుంటే రబ్బరు సారు వచ్చాడు. చుట్టూ చూసుకుని గొంతు తగ్గించాడు.

"నాకు ఇంకా ఎనిమిది నెలలు సర్వీసు ఉందయ్యా. రికార్డులో పెన్సిలు అంటే నా పెన్షను పోతుంది. నువ్వే నా చోట ఉంటే ఏం చేసేవాడివి?"

"నేను మీ చోట ఉంటే కప్పు పనైన రోజే చెరిపేసేవాణ్ణి," అన్నాను.

ఆయన జేబులోంచి ఐదు వందల నోట్లు కొన్ని తీశాడు. ఎన్నో నేను చూడలేదు. పంపు తిప్పి, ఆ నీళ్ళు ఆయన బూట్ల మీద పడేలా మొహం కడుక్కుంటూనే ఉన్నాను. ఆయన వెళ్ళిపోయాడు. ఆ పెన్షను ఇప్పుడు తీసుకుంటున్నాడు. సాయంత్రాలు పార్కులో నడుస్తూ కనబడతాడు. కనబడితే నేను రోడ్డు దాటి అవతలికి పోను. ఎదురుగానే నడుస్తాను, ఆయనే పక్కకు తిరిగి చెట్లు చూసుకుంటాడు.

నా చేతికొచ్చింది నలభై ఐదు వేల ఐదు వందలు. షాపు యజమానికి మొహం చూపించలేక బావమరిదిని పంపాను. బస్టాండు రోడ్డు గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే అతను ఉన్నాడు. మా ఆవిడ తన తమ్ముడి ఇంటి వరండాలో కుడుతోంది. మరదలి చెప్పులు, పంపుల సామాను పక్కకు జరిపితే మిషను పట్టేంత చోటు. నేను గుడ్డల గోడౌనులో కాపలా ఉంటున్నాను. అక్కడ పడుకోమన్నారు. పడుకోను, ఎంత పొద్దుపోయినా ఇంటికి నడిచే పోతాను.

తెలిసినవాళ్ళు అప్పుడప్పుడూ అడుగుతారు, సుమారు రెండు లక్షలు పోయుంటుందా అని. సుమారు కాదు. రెండు లక్షల పందొమ్మిది వేల రూపాయలు.