రెండు ఫైనళ్ళు, ఒక తొడ

మా అబ్బాయి కొల్మ్‌కి ఆటలు రెండు, పనికొచ్చే తొడ ఒకటి. సోమ, బుధ, శుక్రవారాలు కర్ర పట్టుకుని, బంతిని కర్రతో కొట్టే హర్లింగ్ ప్రాక్టీసుకి పోతాడు. మంగళ, గురు, శనివారాలు మా దేశపు రకం ఫుట్‌బాల్, అందులో గోల్సే కాదు పాయింట్లూ లెక్కే. ఆదివారం ఏదో ఒక మ్యాచ్. పేపరువాళ్ళు దీన్ని కెరీర్ అని రాస్తారు. జీతం పైసా లేదు, గెలిస్తే ఒక హామ్ శాండ్‌విచ్ పెడతారు, ఓడితే అదే శాండ్‌విచ్ నోరెత్తకుండా తినమంటారు. మిగతా వేళల్లో వాడు ప్లంబరు. ఊళ్ళో సగం ఇళ్ళకి కుళాయిలు కారుతూనే ఉంటాయి, ఎవరూ ఏమీ అనరు. పెళ్ళాడదామనుకున్న పిల్ల రెండు సీజన్లు ఓపిక పట్టి, టీచరు ఉద్యోగం చూసుకుని దుబాయ్ చెక్కేసింది. నేనైతే ఒక్క సీజన్ కూడా ఆగేదాన్ని కాదు.

మా పారిష్, అంటే మా చర్చి కిందికొచ్చే ఊరు, చిన్నది. రెండు జట్లలోనూ అవే మొహాలు, జెర్సీలు మాత్రం వేరు. ఫుట్‌బాల్ మేనేజరు కాన్ లోనర్గన్, హర్లింగ్ మేనేజరు ఫింటన్ డ్రోహన్. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలే. గోల్‌పోస్టుల వెనక వల ఎవరివాళ్ళు చింపారన్న గొడవలో మాటలు మానేసి ఏళ్ళయింది. చర్చిలో చెరో పక్కన కూర్చుంటారు.

ఆ ఏడాది మా ఖర్మకొద్దీ రెండు జట్లూ కౌంటీ ఫైనల్‌కి, అంటే జిల్లా కప్పు ఆఖరి ఆటకి, వచ్చాయి. శనివారం ఫుట్‌బాల్, మర్నాడే హర్లింగ్. సరిగ్గా దానికి ముందు ఆదివారం, గేటు దూకబోయి కొల్మ్ తొడ పట్టేసింది. ఆటలో కూడా కాదు, గేటు దూకుతూ.

"ఫైనళ్ళు ఇంకో వారం ఆగితే రెండూ ఆడొచ్చు. ఈ వారమే ఆడతానంటే ఒక్కటే, దానికీ నా పూచీ లేదు" అంది ఫిజియో.

మా వాడి మొహం చూడాలి. ముప్ఫై మూడేళ్ళవాడు, చిన్నప్పటినుంచి ఏ ఆటలోనూ కౌంటీ కప్పు ముట్టుకోలేదు. రెండూ ఒకేసారి చేతికందేంత దూరంలో ఉంటే ఏది వదులుకోవాలి? ఏది వదిలినా సగం ఊరు వాడితో మాట్లాడదు.

వాయిదా వెయ్యమని కాన్, ఫింటన్ వేరువేరుగా కౌంటీ బోర్డు కాళ్ళావేళ్ళా పడ్డారు. బోర్డు కుదరదు పొమ్మంది. తుఫాను వచ్చినా, పెళ్ళి అయినా, తొడ తెగినా మా దగ్గర ఫైనల్ ఆగదు. ఆగేది ఒక్క చావుకే. క్లబ్బులో పెద్దమనిషి పోతే ఆ వారం ఆటలన్నీ వాయిదా. అది గౌరవం.

రెండు జట్లకీ క్లబ్బు ఒకటే, దాని ప్రెసిడెంటు మా నాన్న ఫెలిమ్. వేసవినుంచీ మా ఇంట్లోనే మంచం మీద ఉన్నాడు. వారమో, పది రోజులో అని డాక్టరు అప్పటికే చెప్పేశాడు.

సోమవారం కాన్ యాపిల్ టార్ట్ పట్టుకొచ్చాడు. నా గడప తొక్కి ఎన్నేళ్ళయిందో వాడికి.

"పెద్దాయనకి ఎలా ఉంది, నోనీ?"

"నిన్నటికంటే నయం. సూప్ తాగాడు."

"సూప్ తాగాడా?" అన్నాడు, నేనేదో అప్రాచ్యపు మాట అన్నట్టు. "గిన్నెడూనా?"

వాడు వెళ్ళిన గంటకి ఫింటన్ విస్కీ సీసాతో దిగాడు. మంచం పక్కన కూర్చుని నాన్న గుండె మీద దుప్పటి లేస్తోందా లేదా అని రెప్ప వెయ్యకుండా చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నాన్న ఒళ్ళు పాడైంది కానీ బుర్ర పాడవలేదు. ఫింటన్ అటు వెళ్ళగానే ఒక కన్ను తెరిచాడు.

"ఫైనల్ ఎప్పుడే?"

"శనివారం ఒకటి, ఆదివారం ఒకటి."

"కుర్రాడి తొడకి ఎన్నాళ్ళు కావాలి?"

"నోరు మూసుకుని పడుకో నాన్నా."

"దానికెందుకే కోపం? క్లబ్బు కోసం గడ్డి కోశాను, గీతలు గీశాను, రిఫరీని కొట్టి సస్పెండ్ అయ్యాను. ఇదొక్కటి చెయ్యలేనా?" అని మంగళవారం ఫాదర్‌ని పిలిపించుకుని, అంత్య ప్రార్థనలు చేయించుకుని, చేతులు రెండూ గుండె మీద పెట్టుకుని పడుకున్నాడు. మధ్యాహ్నానికి వీపు నొప్పి పుట్టి లేచి టీ అడిగాడు.

అసలు అడ్డం వచ్చింది కొల్మ్. తొడ పట్టేయడంతో వాడికి ప్రాక్టీసు లేదు. ఊహ తెలిసిన తర్వాత మొదటిసారి వాడికి సాయంత్రాలు ఖాళీ దొరికాయి. వాకిలికి అటువైపు వాడు కట్టుకున్న ఇంటినుంచి కుంటుకుంటూ వచ్చి తాత పక్కన కూర్చునేవాడు. ఎప్పటి మ్యాచో ఫోన్లో పెట్టి ఇద్దరూ తిట్టుకునేవాళ్ళు.

"అది ఫౌల్ తాతా!"

"ఫౌలా? మా కాలంలో దాన్ని పలకరింపు అనేవాళ్ళంరా!"

బుధవారానికి నాన్న దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. ఉడకబెట్టిన గుడ్డు తిన్నాడు. బేకన్ ముక్క ఉందా అన్నాడు. బుగ్గల్లో రంగు వచ్చింది. నాకు ఎంత సంతోషమేసిందంటే వంటింట్లోకి పోయి ఏడ్చాను. మందులు చెయ్యలేనిది మనవడు పక్కన కూర్చుంటే జరిగింది.

అదే బుధవారం రాత్రి భోజనాల వేళ కాన్, ఫింటన్ కలిసి వచ్చారు. అవును, కలిసే, ఒకే కారులో. నాన్న బేకన్ అడిగాడన్న వార్త పారిష్‌లో ఎవరు మోశారో గానీ, ఏళ్ళ పగని అది ఒక్క పూటలో తుడిచేసింది. కొల్మ్‌ని మా వంటింటి బల్ల దగ్గర మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. నేను పొయ్యి దగ్గర ఉన్నానన్న సిగ్గు కూడా లేదు.

"చూడు బాబూ, పెద్దాయనకి విశ్రాంతి కావాలి" అన్నాడు కాన్.

"నువ్వు రోజూ వెళ్ళి ఆయన్ని రెచ్చగొడుతున్నావు" అన్నాడు ఫింటన్.

"రెచ్చగొట్టడం ఏంటి? నవ్విస్తున్నాను" అన్నాడు కొల్మ్.

"అదే. ఆ నవ్వే వద్దంటున్నాం" అన్నాడు కాన్. "ప్రశాంతంగా ఉండనివ్వు. ప్రకృతి పని ప్రకృతిని చేసుకోనివ్వు."

"ఒక్క రెండు రోజులు" అన్నాడు ఫింటన్. "అంతే. ఇది నీ మేనేజరుగా చెబుతున్నా."

"నీ ఇద్దరు మేనేజర్లుగా" అని సర్దాడు కాన్.

తడి గిన్నెగుడ్డ తీసుకుని ఇద్దర్నీ మొహం మీద వాయించాను. "మా నాన్న చావుకి ముహూర్తం పెట్టడానికి వచ్చార్రా, సిగ్గులేని వెధవల్లారా! లేవండి నా ఇంట్లోంచి!" కాన్ టార్ట్ పళ్ళెం అడగకుండానే పరిగెత్తాడు.

కొల్మ్ లేవలేదు. బల్ల మీద వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

"డాక్టరు కూడా విశ్రాంతి అన్నాడు కదమ్మా" అన్నాడు చివరికి.

వాడి కళ్ళలోకి చూశాను. వాడు చూడలేదు. పదిహేనేళ్ళుగా ఒకడు పరిగెత్తమంటే పరిగెత్తి, ఇంకొకడు ఆగమంటే ఆగినవాడు. సొంతంగా అడుగు వెయ్యడం ఎప్పుడో మరిచిపోయాడు.

గురువారం వాడు రాలేదు. శుక్రవారమూ రాలేదు. నాన్న గది కిటికీలోంచి చూస్తే వాకిలికి అటు వాడి వంటిల్లు కనిపిస్తుంది. కుర్చీ మీద కాలు చాపి, తొడ మీద గడ్డకట్టిన బటానీల సంచి పెట్టుకుని కూర్చున్నాడు. నేను కర్టెన్ వేసేశాను. నాన్న తలుపు చప్పుడైనప్పుడల్లా తల తిప్పాడు. గుడ్డు ముట్టుకోలేదు. శనివారం తెల్లవారుతుంటే పోయాడు.

డాక్టరు వచ్చేలోపే ఆటలు వాయిదా పడ్డాయన్న కబురు వచ్చింది.

ఇంట్లో శవాన్ని ఉంచిన రెండు రోజులూ పారిష్ మొత్తం వరసకట్టి నా చెయ్యి పట్టుకుని ఊపింది. "నీ కష్టానికి బాధగా ఉంది నోనీ" అని ఒక్కొక్కరే అన్నారు, పాలు తాగిన పిల్లి మొహాలతో. నా శాండ్‌విచ్‌లు తింటూ కొల్మ్ తొడ సంగతి మాట్లాడుకున్నారు. శవపేటిక మీద రెండు జెర్సీలూ పరిచారు. ఏది పైన ఉండాలో కాన్, ఫింటన్ వాకిట్లో మళ్ళీ కొట్టుకున్నారు. ఫెలిమ్ తన ఆఖరి ఊపిరి కూడా క్లబ్బుకే ఇచ్చాడని ఫాదర్ ప్రసంగంలో అంటే, జనం తలలూపారు. నాకు లేచి అరవాలనిపించింది. మా నాన్న కోసం ఊరుకున్నాను.

తర్వాత వారం ఫుట్‌బాల్ ఒక్క పాయింటుతో గెలిచారు. ఆ పాయింటు కొట్టింది కొల్మే. మర్నాడు హర్లింగ్ కూడా గెలిచారు. ఊరి కూడలిలో టైర్లు తగలబెట్టి తెల్లవార్లూ గెంతారు. రెండు కప్పులూ సమాధి మీద పెట్టి ఫోటో తీసుకున్నారు. నన్నూ నిలబడమన్నారు. మోకాళ్ళ నొప్పులని చెప్పి తప్పించుకున్నాను.

సోమవారం సాయంత్రం కొల్మ్ రెండు కప్పులూ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఇవి తాతవమ్మా" అన్నాడు.

నేను గిన్నెలు తోముతూనే ఉన్నాను. "శుక్రవారం నీ కోసం అడిగాడు" అన్నాను.

వాడు కప్పు పిడి మీంచి చెయ్యి తీశాడు.

"వాడేడే అన్నాడు. ప్రాక్టీసుకి వెళ్ళాడు నాన్నా అన్నాను. ఏ ఆటకి అన్నాడు. హర్లింగ్‌కి అన్నాను. హర్లింగ్ అంటే ఇష్టం కదా ఆయనకి. తొడ బాగైపోయిందన్నమాట అన్నాడు. బాగైంది నాన్నా అన్నాను. మంచిది, ఇంక వాడు నా దగ్గర కూర్చోనక్కర్లేదులే అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ ఇటు తిరగలేదు."

కొల్మ్ కుర్చీలో కూలబడ్డాడు. మొహం చేతుల్లో దాచుకుని పసివాడిలా ఏడ్చాడు. దగ్గరకి తీసుకోవాలనిపించింది, చెయ్యి రాలేదు.

జేబులో ఫోన్ మోగింది. ఫింటన్. కౌంటీ గెలిచినవాళ్ళకి వచ్చే ఆదివారం దాని పైమెట్టు, ప్రావిన్స్ మ్యాచ్ ఉంటుంది మరి. వాడు మోగనిచ్చాడు. ఆగింది. మళ్ళీ మోగింది. ఈసారి ముక్కు తుడుచుకుని ఎత్తాడు.

"ఆఁ ఫింటన్. ఆఁ, బాగానే ఉంది. ఏడింటికా? వస్తా" అని లేచి, ప్రాక్టీసు సంచీ తీసుకుని వెళ్ళాడు.