దేవుడి గూట్లో కీళ్ళ మాత్రలు

ఆ పొద్దున రాగిణికి కుక్కర్ మూత పట్టు చిక్కలేదు. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోయింది. ఉబ్బక ఏం చేస్తాయి? కీళ్ళవాతానికి ఏళ్ళ తరబడి వేసుకుంటున్న మాత్ర ఆగి నెల దాటింది మరి.

ఆగింది రోగం తగ్గి కాదు. కరోనా కొత్తలో టీవీలో ఇద్దరు డాక్టర్లు వాదించుకున్నారు. ఈ కీళ్ళ మాత్ర ముందుగా వేసుకుంటే కరోనా దరిచేరదని ఒకాయన. రుజువేదీ, పైగా గుండెకి చేటు, అసలు రోగులకి మందు దొరక్కుండా పోతుందని ఇంకొకాయన. మామగారు శ్రీమన్నారాయణ మొదటాయన మాట వినగానే టీవీ కట్టేశారు. రిటైరైన హెడ్మాస్టరు కదా, సగం పాఠానికే గంట కొట్టే అలవాటు పోలేదు.

మర్నాడే రాగిణి మాత్రల డబ్బా దేవుడి గూట్లోకి చేరింది. అత్తగారు పూజయ్యాక తీర్థంతో పాటు మామగారికీ, భర్త దత్తాత్రేయకీ, మరిదికీ తలా ఒకటి చేతిలో పెట్టేవారు. రాగిణి చెయ్యి చాపితే, "బయట తిరిగే మగాళ్ళకి కావాలిగానీ ఇంట్లో ఉండేదానివి, నీకెందుకే?" అన్నారు. లాక్‌డౌన్‌లో ఆ మగాళ్ళు తిరిగింది హాల్లోంచి వరండాలోకి. పాలకీ కూరలకీ మాస్కు కట్టుకుని వెళ్ళింది రాగిణి. "కాస్త సర్దుకో, తెప్పిస్తాగా," అన్నాడు దత్తాత్రేయ. నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ దాకా ఏ మెడికల్ షాపులోనూ ఆ మాత్ర లేదు. జబ్బు తనదీ, మందు ఊరందరిదీ అయిందని రాగిణికి ఏడుపొచ్చింది. ఆ వెనకే నవ్వూ వచ్చింది.

ఈలోగా చాట్రాయి తోట నుంచి ఆవకాయ కాయలు దిగాయి. "ఈరోజే ముక్కలు తుడిచి కలిపెయ్యవే," అన్నారు అత్తగారు, గూట్లో మిగిలిన ఆఖరి మాత్రల అట్ట తీస్తూ.

రాగిణి ఆ అట్ట నెమ్మదిగా ఆవిడ చేతిలోంచి అందుకుంది. ఒక మాత్ర మింగి, మిగతావి జాకెట్లో దోపుకుంది.

"ఇది నాకు రాసిన మందండీ అత్తయ్యగారూ. నా చేతులు నాకు కావాలి."

మామగారు అడిగారు. "మరి మా సంగతేంటమ్మా?"

"మీరు టీవీ కట్టేశాక మిగతాది నేను ఫోన్‌లో చూశానండీ మావయ్యగారూ. ఇద్దరు డాక్టర్లూ ఒప్పుకున్న మందు ఒకటే, సబ్బుతో మాటిమాటికీ చేతులు కడుక్కోవడం. సింకు నిండా అంట్లున్నాయి. నా వాపు తగ్గేదాకా మీరు ముగ్గురూ మూడుపూటలా తోమండి."